విని చూడు

సాంచాలు ఆగిన రోజున ఆ వాడలో కాకి అరిచినా ఉలికిపాటే. మానేరు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మరమగ్గాల షెడ్డు ఉంటుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. పొద్దున మొదలైన టకటక రాత్రి దాకా ఆగదు. అందులో పుట్టి పెరిగినవాళ్ళకు అది చప్పుడని కూడా తోచదు. ఆగినప్పుడే, ఏదో పోగొట్టుకున్నవాళ్ళలా తలలెత్తుతారు.

ఆ మంగళవారం కరెంటు కోత. సువర్ణ పొయ్యి మీంచి సర్వపిండి తీసి, "చందనా, వచ్చి తిను బిడ్డా" అని పిలిచింది. కూతురు ముందుగదిలో వంటింటికి వీపు పెట్టి కూర్చుని రాసుకుంటోంది. పలకలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు సువర్ణ గొంతు పక్కింటి దాకా పోయింది. తొమ్మిదేళ్ళు దాటిన పిల్ల, పోయిన పరీక్షలో మండలానికే ఫస్టు వచ్చిన పిల్ల. ఫస్టు వస్తే అమ్మ మాట పెడచెవిన పెట్టాలా అనుకుంది.

"కళ్ళు నెత్తికెక్కినయా నీకు?" అంటూ వచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది.

చందన అదిరిపడి వెనక్కి తిరిగింది. తల్లి కళ్ళలోకి చూడలేదు, నోటివైపు చూసింది. "ఏమైందమ్మా?"

ఆ అడగడంలో పొగరు లేదు, నటన లేదు. పద్నాలుగేళ్ళుగా పంతులమ్మ ఉద్యోగం చేస్తున్న సువర్ణకు దొంగ అమాయకత్వం ఏదో అసలుది ఏదో తెలుసు. కొట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది. కూతుర్ని మళ్ళీ రాసుకోమని చెప్పి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి, నాలుగడుగుల దూరం నుంచి మెల్లగా "చందనా" అంది. పలుకు లేదు. గూట్లోంచి స్టీలు పళ్ళెం తీసి కింద పడేసింది. పిల్ల ఎగిరి పడింది.

అంటే చెవులు వింటున్నాయి. పళ్ళాన్ని విన్నాయి, అమ్మను వినలేదు.

సువర్ణ ఎదురుగా వచ్చి కూర్చుంది. "నేను పిలిస్తే వినవడలేదా?"

"చప్పుడు వచ్చింది. నువ్వని అనుకోలే." చందన కాసేపు ఆలోచించి, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. "నువ్వు మాట్లాడితే సాంచ నడిచినట్టు ఉంటదమ్మా. మొఖం చూస్తే తెలుస్తది. చూడకుంటే సాంచ లెక్కనే."

"ఎప్పటి సంది?"

"పట్టీ పెట్టుకున్నంక."

వంటింట్లో సర్వపిండి చల్లారిపోయింది. ఆ పూట దాన్ని ఎవరూ తినలేదు.

*

పట్టీ సంగతి చెప్పాలి. సువర్ణ చెప్పేది నాలుగో తరగతి, చందన చదివేదీ అందులోనే. నలభై మంది పిల్లలు, బడి గోడకు అవతల ఇరవై నాలుగు సాంచాల షెడ్డు. పాఠం చెప్పడమంటే ఆమెకు అరవడమే. ఎక్కాలు పాటలాగా పాడించేది, చింతగింజలు కుప్పలు పోయించేది, బోర్డు నిండా బొమ్మలు వేసేది. "అర్థమైందా?" అంటే నలభై గొంతులూ "అయిందీ..." అని రాగం తీసేవి. ఆ రాగం సగం అబద్ధమని ఆమెకు తెలుసు. ఇంటికి పోయి వేడినీళ్ళు పుక్కిలిస్తూ, ఆ సగం మంది మొహాలు తలుచుకుని బాధపడేది.

ఒక శిక్షణ తరగతిలో ఎవరో చెప్పారు. ప్రతి పిల్లకూ చదువు ఎక్కడానికి ఒక సొంత తోవ ఉంటుందట. కొందరిది కన్ను, కొందరిది చెవి, కొందరిది చెయ్యి. తోవ తెలుసుకుని చెప్తే మొద్దు అనేవాడే ఉండడట. సువర్ణ ఆ మాట నమ్మింది. మంచి మాట అనిపించింది గనక నమ్మింది. తన చేతిలోంచి జారిపోతున్న సగం మందికీ అందులో చోటు కనిపించింది.

మెదడు మీద పరిశోధన చేసే నీలకంఠం గారు హైదరాబాదు నుంచి పెట్టెలు వేసుకుని వచ్చినప్పుడు, మా బడిలో పెట్టండి సార్ అని చేతులు జోడించింది ఆమే. ఆయన చేసిన పట్టీ పేరే 'తోవ'. ఆడపిల్లలు జుట్టుకు పెట్టుకునే పట్టీలాగే నుదుటి మీదుగా కూర్చుంటుంది. మొదటి రోజు పిల్లకు ఒక బొమ్మ చూపిస్తారు, ఒక మాట వినిపిస్తారు, ఒక వస్తువు చేతిలో పెడతారు. మెదడులో ఏ మూల ముందు మేలుకుందో పట్టీ కనిపెడుతుంది. అదే ఆ పిల్ల తోవ. ఆపైన పాఠాలన్నీ తెరపలక మీద ఆ తోవనే వస్తాయి. మొదటి రోజు పరీక్ష నుంచే, ఆ మూల మేలుకుని పిల్లకు విషయం బోధపడ్డ ప్రతిసారీ పట్టీ ఆ మూలకు సన్నని విద్యుత్తు పంపుతుంది, శభాష్ అని వీపు తట్టినట్టు.

పరీక్ష రోజున పిల్లలతో మాట్లాడే పని సువర్ణదే. పట్నం గొంతు పిల్లలకు కొత్త అని ఆ పని ఆమెకు అప్పజెప్పారు. సాయంత్రానికి లెక్క తేలింది. నలభైలో ముప్పై ఎనిమిది కన్ను. ఒకటి చెయ్యి, ఆరో ఏట నుంచి బీడీలు చుడుతున్న పిల్లది. ఒకటి చెవి, పోస్టాఫీసుకు బదిలీ మీద వచ్చినాయన కూతురు రబియాది.

"ఇంత తేటగా ఎక్కడా రాలేదమ్మా" అని నీలకంఠం గారు పొంగిపోయారు. బయటి ఊరి నుంచి వచ్చిన రబియా ఒక్కదానికే చెవి ఎందుకు వచ్చిందని ఆయనా అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆ తర్వాత తరగతి చూడముచ్చటగా మారింది. ముప్పై ఎనిమిది మంది తెరపలకల్లోకి వంగి కూర్చునేవారు. అరుపు లేదు, బెత్తం లేదు. హాజరు కూడా పట్టీయే వేసుకునేది. మార్కులు ఎగబాకాయి. పక్క జిల్లాల నుంచి టీచర్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ముక్కు మీద వేలేసుకునేవారు. సువర్ణ గొంతుకు ఉద్యోగంలో చేరాక మొదటిసారి విశ్రాంతి దొరికింది. ఆ సుఖమే ఆమె కళ్ళు కప్పింది.

*

మర్నాడు సువర్ణ పట్టీలన్నీ తీయించి పెట్టెలో పెట్టింది. కోత ఇంకా ఉంది, షెడ్డు మౌనంగా ఉంది. పిల్లల్ని వెనక గోడవైపు తిరిగి కూర్చోమంది. పాత హాజరు పుస్తకం దుమ్ము దులిపి, ఏడు నెలల తర్వాత మొదటిసారి పేర్లు చదవడం మొదలుపెట్టింది.

"అఖిల."

జవాబు లేదు.

"భార్గవ్. చందన. దీక్షిత."

నలభై వీపులు గోడకు ఎదురుగా బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఒక్క వీపూ కదల్లేదు. సువర్ణ పుస్తకంలో వేలు కిందికి జరిపింది. ఆపకుండా చదువుకుంటూ పోయింది.

"రబియా."

"ప్రెజెంట్ టీచర్!"

ఆ ఒక్క గొంతు గదిలో గణగణలాడింది. రబియా ఇటు తిరిగింది. చుట్టూ చూసింది. ఎవరూ తనకేసి చూడకపోవడం చూసి పెదవి విరిచి ఏడ్చేసింది. "టీచర్, ఎన్నో రోజుల సంది వీళ్ళు నాతోని మాట్లాడుతలేరు. నేను ఎనక నుంచి పిలిస్తే ఒక్కలు పలుకరు. నాతోని కటీఫ్ అనుకున్న."

సువర్ణ ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. మిగిలిన ముప్పై తొమ్మిది మందీ గోడ చూస్తూనే ఉన్నారు. ఆ ఏడుపు వాళ్ళకు ఎక్కడో సాంచ నడిచిన చప్పుడు.

*

చెవుల డాక్టరు చందన చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. నీలకంఠం గారు ఆ కాగితం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టారు. అరవై దాటిన మనిషి, మృదువుగా మాట్లాడే మనిషి. హైదరాబాదులో ఆయన ప్రయోగశాలలో గోడ నిండా తెరలు, వాటి మీద ముప్పై తొమ్మిది మెదళ్ళ గీతలు.

"చూడమ్మా, శబ్దం లోపలికి వెళుతోంది. అర్థం దాకా చేరడం లేదు" అన్నారు. "వ్యవసాయం తెలుసు కదా మీకు. నీళ్ళన్నీ ఒకే కాలువకు మళ్ళిస్తే ఆ మడి బాగా పండుతుంది. మిగతా కాలువలు పూడిపోతాయి. పూడతాయని మేము ఊహించలేదు. పిల్లకు బలమైన తోవ ఏదో దాన్నే బలపరుస్తున్నాం అనుకున్నాం."

"నా బిడ్డ తోవ కన్ను కాదు సార్. పట్టీ రాకముందు రేడియోల పాట ఒకసారి వింటే పట్టేసేది. కన్ను అని ఎట్ల వచ్చింది?"

"మొదటి రోజు పరీక్షలోనే వచ్చింది. చూడండి, ఇక్కడ. మాట వినిపించినప్పుడు కూడా చెవి కంటే ముందు కన్నే మేలుకుంది. ముప్పై ఎనిమిది మందిలోనూ అంతే."

"ఆ రోజు రికార్డు ఉన్నదా? నాకు ఒకసారి వినిపియ్యుండ్రి."

ఆయన వెతికి పెట్టారు. ముందు సాంచాల టకటక వచ్చింది, దాని పైనుంచి సువర్ణ గొంతు. ఆనందంగా, ఆశగా ఉన్న గొంతు. "ఇగో చూడు బిడ్డా." ఆ తర్వాత గంట మోగింది, యంత్రం మాట వినిపించింది. మళ్ళీ ఆమె. "ఇగో, చూడు." ఇంకో మాట. "చూడు నాన్నా." ఇంకో మాట. ప్రతి పిల్లకూ, ప్రతి మాటకు ముందూ అదే.

సువర్ణ ఇక ఆపమని చెయ్యెత్తింది.

"స్క్రిప్టులో 'సిద్ధమా' అని కదా రాసిచ్చాం?" అన్నారు ఆయన గీతలు చూస్తూ.

"సిద్ధమా అంటే పిల్లలు నా మొఖం దిక్కు గుడ్లప్పగించిండ్రు సార్. అది పుస్తకాల మాట. అందుకే మా మాట అన్న. మా దగ్గర ఎవల్నన్న పిలిచి ఏదన్న చెప్పాలంటే ఇగో చూడు అంటం. వినుమని."

"వినమని చెప్పడానికి చూడు అంటారా?"

"మీరు అనరా సార్?" అందామె. "నేను వచ్చిన కాడి నుంచి ఎన్నిసార్లు అన్నరు? చూడమ్మా, శబ్దం లోపలికి పోతుంది అన్నరు. శబ్దాన్ని ఎట్ల చూస్తరు? రుచి చూస్తం, వాసన చూస్తం, డాక్టరు నాడి చూస్తడు. మనకు అన్నీ చూసుడే! పిల్లలకు నేను చూడు అన్న. వాళ్ళు చూసిండ్రు. సాంచాల చప్పుడుల మాట వినాలంటే నోరు చూడాలె, అది పుట్టినప్పటి సంది అలవాటు. వాళ్ళు వినేతందుకే చూసిండ్రు సార్. మీ పట్టీ దాన్నే పట్టుకున్నది."

నీలకంఠం గారు నోరు తెరిచి, ఏదో అనబోయి మూసుకున్నారు. ఆయన నాలుక చివర మళ్ళీ 'చూడండి' అనే మాటే వచ్చి ఉంటుంది.

"అసలు పిల్లను బట్టి తోవ అనుకోవడమే తప్పేమో" అన్నారు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "పటానికి కన్ను కావాలి, పద్యానికి చెవి కావాలి, కొలతకు చెయ్యి కావాలి. తోవ పాఠానిది. పిల్లలకు అన్ని తోవలూ ఉండాలి."

"అది నేను పట్టీ రాకముందే చేసేదాన్ని" అంది సువర్ణ. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది. చింతగింజలూ, పాటా, బొమ్మలూ, అరుపూ. దాన్ని తను చేతగానితనం అనుకుంది. "వెనక్కి తిప్పుండ్రి సార్."

"నాకు తెరవడమే తెలుసమ్మా. పూడిన కాలువ తవ్వడం ఇంకా ఎవరికీ తెలియదు." ఆయన కళ్ళద్దాలు తీశారు. "పదేళ్ళు నిండేదాకా మెదడుకు మాట పట్టుకునే మెత్తదనం ఉంటుంది. ఆ తర్వాత గట్టిపడుతుంది. పిలుస్తూ ఉండండి. రోజూ, నోరు కనపడకుండా. ఎక్కడో ఒక్క మాటకైనా చెవి నుంచి దారి మిగిలి ఉంటే, దాన్ని పట్టుకుని మిగతావి లాగవచ్చు."

"ఏ మాట?"

"అది నాకు తెలిస్తే మీ కాళ్ళు పట్టుకునైనా చెప్పేవాణ్ణి."

చందనకు మే పదకొండున పదేళ్ళు నిండుతాయి. అప్పటికి జనవరి చివరి వారం.

*

సువర్ణ భర్త మార్కండేయులు సాంచాల మీద ఇరవై రెండేళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఇంట్లో భార్యతో సగం చేతులతో, సగం పెదవులతో మాట్లాడతాడు. సువర్ణ చెప్పింది మొత్తం ఆమె నోరు చూస్తూ విన్నాడు. గట్టిగా మాట్లాడుతున్నానని తెలియని గొంతుతో అన్నాడు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు చేసినవు కదనే."

సువర్ణ తల వంచుకుంది.

"మా నాయిన చెవులు సాంచ మింగింది. నాయి మింగింది. బతుకుతలేమా అంటే బతుకుతున్నం. కానీ ఇది పుట్టినప్పుడు నేనేమనుకున్న? నా బిడ్డ బడికి పోతది, సాంచ కాడికి రాదు, దాని చెవులు దానికుంటయి అనుకున్న. ఇప్పుడు బడే మింగె." అతను భార్య గడ్డం పట్టుకుని తల పైకెత్తాడు, పెదవులు కనిపించడానికి. "ఏం చెయ్యాల్నో చెప్పు. ఏడ్వకు, ఏడిస్తే నీ మాట నాకు తెలుస్తలేదు."

ఆమె చెప్పింది. మర్నాడు మార్కండేయులు వాడంతా తిరిగాడు. తల్లులూ తండ్రులూ ఆమె మీద మన్ను పోస్తారనుకుంది సువర్ణ. కొందరు పోశారు కూడా. అయినా ఆ వారం నుంచి రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా బడి పక్క షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలూ ఆగాయి. స్విచ్చు దగ్గర మార్కండేయులు కూర్చునేవాడు. అక్కణ్ణుంచి కిటికీలో తరగతి గది కనిపిస్తుంది.

నీలకంఠం గారు జూన్‌లో రెండు వేల బళ్ళకు పోవలసిన పట్టీలు ఆపించానని ఉత్తరం రాశారు. ఆ మనిషి తన తప్పు దాచలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ముప్పై తొమ్మిది మందికి ఆ ఉత్తరంతో ఒరిగిందేమీ లేదు.

ఆ గంటలో సువర్ణ చెయ్యని పని లేదు. గోడవైపు తిరిగిన పిల్లల వెనక నిలబడి పేర్లు పిలిచింది. వాళ్ళు ఒకప్పుడు నిద్రలో కూడా అప్పజెప్పిన ఎక్కాలు పాడింది. రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు. బతుకమ్మ పాటలు పాడింది. చందన అరచెయ్యిని తన గొంతు మీద ఆనించుకుని "అమ్మ, అమ్మ" అంది. నాలుక మీద బెల్లం ముక్క పెట్టి "తీపి" అని చెవిలో చెప్పింది. పిల్లలు బెల్లం చప్పరించారు. మాట మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఒక్క మాట మాత్రం ఆమె అనలేదు. హైదరాబాదు నుంచి వచ్చే బస్సులోనే ఒట్టు పెట్టుకుంది, చూడు అనే మాట ఇక నోట రానివ్వనని. తన పిల్లల్ని ముంచిన మాట అది. తెలుగులో ఆ మాట లేకుండా ఒక్క రోజు గడపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఉప్పు సరిపోయిందో లేదో చూడు అనకూడదు. తలుపు తీసి చూడు అనకూడదు. ఎవరొచ్చారో చూడు అనకూడదు. నాలుక మీదికి వచ్చిన ప్రతిసారీ నిప్పు కణికలా మింగేది.

ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఆమె గొంతు బొంగురుపోయి, చివరికి గాలి తప్ప శబ్దం రాని స్థితికి వచ్చింది. ఒకనాడు చందన తెరపలక మీద రాసి చూపించింది. 'అమ్మా, గొంతు నొస్తున్నదా? రాసి చెప్పరాదు, నాకు మంచిగ అర్థమైతది.' పిల్ల కళ్ళలో జాలి ఉంది. ఆ జాలి సువర్ణకు చెంపదెబ్బలా తగిలింది. కూతురికి ఏం పోయిందో కూతురికే గుర్తు లేకుండా పోతోంది.

*

ఏప్రిల్ ఇరవై మూడు, బడికి ఆఖరి రోజు. రేపటి నుంచి వేసవి సెలవులు, పిల్లలు చెట్టుకొకరూ పుట్టకొకరూ అవుతారు. చందనకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

రెండు గంటలకు సాంచాలు ఆగాయి. పిల్లలు చెప్పకుండానే గోడవైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళకు అది ఒక ఆటలా కూడా లేదు, మందు మింగినట్టు చేస్తున్నారు. సువర్ణ హాజరు చదివింది. రబియా ఒక్కతే పలికింది. ఎక్కం చదివింది. పాట మొదలుపెట్టి, రెండో చరణంలో గొంతు ఆగిపోతే ఊరుకుంది.

మూడు కావడానికి ఐదు నిమిషాలుంది. సువర్ణ బల్ల మీద కూర్చుని మోచేతుల్లో మొహం పెట్టుకుంది. రబియా మెల్లగా వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. ఏడ్వకుండ్రి టీచర్ అంది. ఏడుస్తున్నానని సువర్ణకు అప్పటిదాకా తెలియదు.

ఆ పిల్లకు సమాధానం చెప్పాలని, ఆలోచన లేకుండా, పుట్టినప్పటి నుంచి నాలుకకు అలవాటైన తీరులో, "ఇగో చూడు బిడ్డా, ఇగ నాతోని కాదు" అంది.

గోడ దగ్గర ఒక తల కదిలింది.

చందన ఇటు తిరిగింది. తల్లిని చూసింది, తల్లి నోటిని చూసింది. ఏమిటన్నట్టు కనుబొమలెత్తింది. ఆమె వెనక భార్గవ్ తిరిగాడు. దీక్షిత తిరిగింది. ఆ మూల నుంచి ఇంకో ఇద్దరు.

సువర్ణ లేచి నిలబడింది. తిరిగి కూర్చోమని చేత్తో సైగ చేసింది. వాళ్ళు తిరిగారు. "చందనా" అంది. కదలిక లేదు. "రెండు రెళ్ళు నాలుగు" అంది. లేదు. పెదవుల మీద కొంగు కప్పుకుని, ఆ పాడు మాటను, మూడు నెలలు నోట్లో పాతిపెట్టిన మాటను, ఉన్న కాస్త గాలితో బయటికి వదిలింది.

"చూడు."

ఐదు తలలు తిరిగాయి.

అప్పుడు ఆమెకు తట్టింది. పరీక్ష రోజున ప్రతిసారీ చెవిలో పడి, కంటిని లేపిన మాట అదొక్కటే. ఎన్నిసార్లు లేపితే అన్నిసార్లు పట్టీ దాన్ని శభాష్ అని తట్టింది. కాలువలన్నీ పూడ్చిన మాటే చెవికీ అర్థానికీ మధ్య మిగిలిన ఒక్క గండి. దాన్ని తను మూడు నెలలు దాచింది. తన తప్పు మీద తనకున్న కోపంతో, పిల్లలకు మిగిలిన ఒకే ఒక్క మాటను వాళ్ళ నుంచి దాచింది.

గడియారం మూడు కొట్టింది. గోడ అవతల మార్కండేయులు లేచి స్విచ్చు మీద చెయ్యి వేశాడు. సాంచాలు మొదలైతే ఈ గాలిగొంతు ఏ చెవికీ చేరదు. సువర్ణ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అరిచినా అతనికి వినపడదు, అరవడానికి ఆమెకు గొంతూ లేదు. రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా ఊపింది. దారం తెగినప్పుడు సాంచ ఆపమని షెడ్డులో చేసే సైగ అది. మార్కండేయులు ఆమె మొహం చూశాడు. స్విచ్చు మీంచి చెయ్యి తీశాడు. కార్మికులు చుట్టూ మూగి ఏదో అడుగుతున్నా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆమె వెనక్కి వచ్చింది. చందన మళ్ళీ గోడకేసి తిరిగి బుద్ధిగా కూర్చుని ఉంది. పద్దెనిమిది రోజులు. భాషలో వేల మాటలు. ముప్పై తొమ్మిది మంది పిల్లలు, వాళ్ళలో ముప్పై నాలుగు మంది ఈ ఒక్క మాటకు కూడా తిరగనివాళ్ళు. చేతిలో ఉన్నది ఒక్క పోగు. తెగిన పోగుకు ఇంకో పోగు ముడివేసి లాగడం ఆ వాడలో పుట్టిన ఎవరికైనా తెలుసు.

సువర్ణ కొంగుతో నోరు కప్పుకుని కూతురి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది.

"విని చూడు" అంది.

చందన తిరగబోయి ఆగింది. తల కొంచెం పక్కకు వాల్చింది. ఆ తర్వాత గోడకేసి చూస్తూనే, ఈ మధ్య రాగం పోయి చప్పబడ్డ గొంతుతో అడిగింది.

"చూడు అన్నవు కదమ్మా. దానికంటే ముందు ఇంకోటి ఏదో అన్నవు. అదేంది?"

సువర్ణ మళ్ళీ చెప్పింది.